రాయిని ఒప్పించిన వాళ్లు

పిల్లలూ,

రాయిని రాయితో కొడితే పగులుతుంది, అందులో వింతేముంది అంటారేమో. పగలగొట్టడం ఎవరికైనా వచ్చు. రాతితో బాణం ములికి, అంటే బాణం కొసన ఉండే మొన, చేయాలంటే అనుకున్న చోట, అనుకున్నంత మందానే పెచ్చు ఊడిరావాలి. కష్టమంతా అక్కడే. బొమ్మల పుస్తకాల్లో ఆదిమానవుణ్ణి దుడ్డుకర్ర పట్టుకున్న మొద్దు మనిషిలా గీస్తారు చూడండి, నాకది అస్సలు నచ్చదు.

బాణం ములికికి ఏ రాయి పడితే ఆ రాయి పనికిరాదు. చెకుముకి రాయి దాదాపు అంతా సిలికాయే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. రేణువులు కంటికి ఆననంత సన్నం, పొరలు ఉండవు. అందుకే దెబ్బ పక్కదారి పట్టదు, కొట్టిన చోటి నుంచి శంకువులా లోపలికి పాకుతుంది. మందపాటి గాజు అంచు విరిగితే నున్నటి గుంట పడి, అందులో అలలు కనిపిస్తాయి కదా, ఇదీ అంతే. 1911లో కాలిఫోర్నియాలో బయటి లోకానికి తెలిసిన ఇషి అనే యాహి తెగ మనిషి, సీసా గాజుతోనే చక్కటి ములుకులు చేసి చూపించాడు.

ముందు గుండ్రాయితో కొట్టి, పెద్ద రాయి నుంచి పల్చని పెచ్చు తీస్తారు. ఆ తర్వాత కొట్టడం తగ్గి నొక్కడం మొదలవుతుంది. అరచేతిలో తోలుముక్క, దాని మీద పెచ్చు. దుప్పి కొమ్ము మొనను అంచుకు ఆనించి లోపలికి గట్టిగా ఒత్తి, చివర్లో కాస్త కిందికి తోస్తే 'టిక్'మని అడుగువైపు గోరంత పెచ్చు రాలుతుంది. తిప్పి మళ్లీ అదే. అసలు కిటుకు మధ్యలో ఉంది: నొక్కే ముందు అంచును గరుకు రాయితో రుద్ది మొద్దుబార్చాలి. పల్చటి అంచు మీద కొమ్ము ఆనిస్తే అది పొడి అయిపోతుంది, బలం లోపలికి పోదు. పదును పెట్టడానికి ముందు పదును తీయడం! తొందరపడే వాళ్లు ఇక్కడే ములికిని రెండు ముక్కలు చేసుకుంటారు.

1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దున ఆల్ప్స్ కొండల మంచులో శవంగా దొరికిన ఓట్జీ అనే ఆదిమానవుడి దగ్గర సరిగ్గా ఇలాంటి పనిముట్టే ఉంది: లావుపాటి పెన్సిల్‌లాంటి కర్ర, దాని కొసన దిగ్గొట్టిన కొమ్ము ముక్క. సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి. అతని అమ్ములపొదిలో 14 బాణాలుంటే ములికి బిగించినవి రెండే. బర్చ్ అనే చెట్టు బెరడు నుంచి తీసిన తారుతో అతికించి, దారం చుట్టారు. ఇంత పనితనం తెలిసిన అతని ఎడమ భుజంలోనే ఎవరో వేసిన చెకుముకి ములికి ఉందని 2001లో ఎక్స్‌రేలో బయటపడింది. లోపలి రక్తనాళాన్ని అది చీల్చేసింది.

చదివాక మీ చేతులు ఊరుకోవని తెలుసు. పెద్దవాళ్లు పక్కన లేకుండా మాత్రం మొదలుపెట్టకండి. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు తోలు గ్లౌజులు ఉండాల్సిందే. ఆ పని ఆరుబయటే చేయాలి. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. పాతకాలం తుపాకులకు చెకుముకి ముక్కలు చెక్కిన పనివాళ్లను బాగా పీడించిన జబ్బు అది.

మీ
తాతయ్య