పేరు హైదరాబాద్‌ది, ఓట్లు శివార్లవి: పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటుపై అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్ - రంగారెడ్డి - హైదరాబాద్ పట్టభద్రుల ఎమ్మెల్సీ పదవీకాలం 2027 మార్చి 29తో ముగుస్తుంది. ఓటరు నమోదు చేయించడం, కౌంటింగ్ ఏజెంట్లకు శిక్షణ ఇవ్వడం నా పని. అందుకని ఈ సీటు గురించి ఎవరేం అనుకుంటున్నారో ఎక్కువే వింటుంటాను. అలా వినే వాటిలో చాలా మాటలు పార్టీ ఆఫీసుల్లోనే పుట్టినవి.

అపోహ: ఇది హైదరాబాద్ నగరం సీటు.

2021 ఓటర్ల జాబితా చూస్తే ఈ మాట నిలవదు. మొత్తం ఓటర్లు 5,31,268. అందులో హైదరాబాద్ జిల్లా వాటా 1,10,606 మాత్రమే. పాత మహబూబ్‌నగర్ నుంచి ఏర్పడిన ఐదు జిల్లాలూ కలిపితే లక్షా 19 వేలు. వికారాబాద్ ఓటర్లు 26 వేలకు కాస్త తక్కువ. రంగారెడ్డిలో 1,44,416 మంది, మేడ్చల్-మల్కాజిగిరిలో 1,31,284 మంది ఉన్నారు. ఈ రెండు జిల్లాలే సగం దాటేశాయి. రంగారెడ్డిలో పల్లెలు లేవని కాదు గానీ, పట్టభద్రులు గుట్టగా దొరికేది ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి వైపు కాలనీల్లోనే.

ఈ కాలనీల్లో ఉండేవాళ్లలో ఎక్కువమంది ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఒకే అపార్ట్‌మెంట్‌లో నల్గొండ టీచరు, వరంగల్ లాయరు, గుంటూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉంటారు. అచ్చంపేటలో ఊరి పెద్దతో మాట్లాడితే పది ఇళ్ల సంగతి తెలుస్తుంది. ఇక్కడ పక్క ఫ్లాటాయన ఓటు ఎటో కూడా తెలియదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో లిఫ్టు గొడవ మధ్యలో ఓ పోస్టర్ పెట్టేసి ప్రచారం అయిపోయిందనుకునే అభ్యర్థులను చూస్తే జాలేస్తుంది.

అపోహ: చదువుకున్నవాళ్లు ఎప్పుడూ ఒకే పార్టీ వైపు ఉంటారు.

ఏ పార్టీ వైపు? 1985లో రద్దయిన శాసన మండలి 2007లో తిరిగి వచ్చింది. అప్పుడు ఈ సీటు గెలిచింది ఇండిపెండెంట్ అయిన ప్రొఫెసర్ కె. నాగేశ్వర్. 2009లోనూ ఆయనే గెలిచారు. 2015లో, టీఆర్‌ఎస్ అధికారంలోకి వచ్చి ఏడాది కూడా కాకముందే, బీజేపీకి చెందిన ఎన్. రాంచందర్ రావు గెలిచారు. ఆయన చేతిలో ఓడింది మామూలు అభ్యర్థి కాదు, ఉద్యోగ సంఘాల నేతగా ఉద్యమంలో పేరున్న దేవీప్రసాద్. 2021కి వచ్చేసరికి బీజేపీ జీహెచ్‌ఎంసీలో 48 డివిజన్లు గెలిచి మంచి ఊపు మీద ఉంది. అయినా నాలుగు నెలలు తిరక్కుండానే ఈ సిట్టింగ్ సీటు పోగొట్టుకుంది. పీవీ నరసింహారావు కుమార్తె సురభి వాణీదేవిని నిలబెట్టి టీఆర్‌ఎస్ గెలిచింది. ఇది ఎవరి కంచుకోటా కాదు.

అపోహ: ఓటరు కార్డు ఉంది, పోయిన సారి ఓటేశాను కూడా. కాబట్టి ఈసారీ ఓటుంటుంది.

ఉండదు. జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అసెంబ్లీ జాబితాకూ దీనికీ సంబంధం లేదు. పట్టభద్రుల జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు, పాతది చెల్లదు. నమోదు దరఖాస్తు అయిన ఫారం 18 మళ్లీ నింపాల్సిందే. అర్హతను నవంబర్ 1 నాటికి లెక్కిస్తారు, డిగ్రీ పూర్తయి అప్పటికి మూడేళ్లు కావాలి. సాధారణంగా అక్టోబర్ 1న నోటీసు వస్తుంది, నవంబర్ మొదటి వారంలో మొదటి గడువు ముగుస్తుంది. మార్చిలో పోలింగ్ అంటే దసరా, దీపావళి హడావిడిలోనే నమోదు పని అయిపోవాలి.

తెలంగాణ యూనివర్సిటీ డిగ్రీయే ఉండాలన్నదీ తప్పే. ఆంధ్ర యూనివర్సిటీలో చదివి కూకట్‌పల్లిలో నివాసం ఉంటున్నా నమోదు చేసుకోవచ్చు. చూసేది నివాసం, డిగ్రీ.

అపోహ: మొదటి ప్రాధాన్య ఓట్లలో ముందున్నవాళ్లే గెలుస్తారు. రెండో ఓటు వేస్తే మన అభ్యర్థికే నష్టం.

రెండో వాక్యం కొందరు అభ్యర్థులు కావాలనే ప్రచారం చేయిస్తారు. విషయం ఇది. ఈ ఎన్నికలో అభ్యర్థుల పేర్ల పక్కన ఇష్టాన్ని బట్టి 1, 2, 3 అని అంకెలు వేస్తారు, 1 అంటే మొదటి ప్రాధాన్యం. చెల్లిన ఓట్లలో సగం కంటే ఒక్కటైనా ఎక్కువ వస్తే గెలుపు ఖాయమవుతుంది. ఎవరికీ అన్ని రాకపోతే అందరికంటే తక్కువ ఓట్లున్న అభ్యర్థిని పోటీ నుంచి తప్పించి, ఆయన బ్యాలెట్లలో తర్వాతి ప్రాధాన్యం ఎవరికి ఉంటే వాళ్లకు ఆ ఓట్లు కలుపుతారు. మీరు 1 వేసిన అభ్యర్థి పోటీలో ఉన్నంతకాలం మీ 2 ఎవరికి వేశారో ఎవరూ చూడరు. నష్టం ఎక్కడినుంచి వస్తుంది?

2021లో 93 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపర్ న్యూస్‌పేపరంత ఉంది. మొదటి ప్రాధాన్యంలో వాణీదేవికి లక్షా 12 వేలు, రాంచందర్ రావుకు లక్షా 4 వేలు, మూడో స్థానంలో ఉన్న నాగేశ్వర్‌కు 53 వేలు దాటాయి. సగం మార్కుకు ఎవరూ దగ్గరగా లేరు. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో మార్చి 17న మొదలైన లెక్కింపు 20న గానీ తేలలేదు. అన్ని రోజులూ ఏజెంట్లు ఎదురు చూసింది నాగేశ్వర్ కట్టల్లో 2 ఎవరికి పడిందా అనే.

అక్కడ ముందున్న అభ్యర్థే చివరికి గెలిచారు. ప్రతిసారీ అలా జరగదు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ రాయలసీమ సీటులో మొదటి ప్రాధాన్యంలో వైఎస్సార్‌సీపీ ముందుంది, రెండో ప్రాధాన్యంతో టీడీపీకి చెందిన భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి గెలిచారు.

ఇంకొకటి. 2021లో ఇక్కడ 21 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. మొదటి ఇద్దరి మధ్య మొదటి ప్రాధాన్యంలో తేడా 8 వేలే! ఈ చెల్లనివన్నీ డిగ్రీ చదివినవాళ్ల ఓట్లే మరి. టిక్కు పెట్టకూడదు, సంతకం చేయకూడదు, "ఒకటి" అని అక్షరాల్లో రాయకూడదు. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే పెన్నుతో అంకె వేస్తే చాలు.

అపోహ: ఈ సీటు గెలిచినవాళ్లదే రాష్ట్రం.

2023 మార్చిలో ఆంధ్రలో మూడు పట్టభద్రుల సీట్లూ గెలిచిన టీడీపీ 2024లో అధికారంలోకి వచ్చింది. అందరికీ ఇదే గుర్తుంటుంది. 2021లో టీఆర్‌ఎస్ ఈ సీటుతో పాటు వరంగల్ - ఖమ్మం - నల్గొండ కూడా గెలిచి, 2023 డిసెంబర్‌లో అధికారం పోగొట్టుకున్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇక రాబోయే పోటీ. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో శివారు సీట్లు దాదాపు అన్నీ బీఆర్‌ఎస్‌కే వెళ్లాయి. పాత మహబూబ్‌నగర్‌లో 14కు 12 కాంగ్రెస్ గెలిచింది. ఆరు నెలలకే లోక్‌సభ ఎన్నికల్లో మల్కాజిగిరి, చేవెళ్ల, సికింద్రాబాద్, మహబూబ్‌నగర్ నాలుగూ బీజేపీ ఖాతాలో పడ్డాయి. అంటే మూడు పార్టీలకూ ఇది మాదే అని చెప్పుకోవడానికి లెక్కలు ఉన్నాయి. 2025లో మెదక్ - నిజామాబాద్ - ఆదిలాబాద్ - కరీంనగర్ పట్టభద్రుల సీటును కాంగ్రెస్ నుంచి బీజేపీ లాక్కుంది కాబట్టి, కాగితం మీద ఆ పార్టీయే ఒక అడుగు ముందుందని నా అంచనా. కాంగ్రెస్‌కు ఉద్యోగాల భర్తీపై నిరుద్యోగుల ప్రశ్నలు తప్పవు. బలమైన ఇండిపెండెంట్ ఒకరు దిగితే మాత్రం ఈ అంచనాలన్నీ మళ్లీ రాసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ మూడో స్థానంలో ఉన్నవాళ్ల ఓట్లే విజేతను తేలుస్తాయి. ఎవరు గెలుస్తారని నన్ను అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: మేడ్చల్, రంగారెడ్డి కాలనీల్లో ఫారం 18లు ఎవరు ఎక్కువ నింపిస్తున్నారు?