స్టెప్ ఛాలెంజూ, అలిపిరి మెట్లూ

మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం చేసే పాఠకుడొకరు అడిగారు: "మా ఆఫీసులో రోజుకు పదివేల అడుగుల పోటీ పెట్టారు. అందులో చేరినవాళ్లు మిగతావాళ్లకంటే తక్కువ సిక్ లీవులు పెట్టారని హెచ్‌ఆర్ వాళ్లు స్లైడ్ వేసి చూపించారు. నేను చేరలేదు. చేరితే నిజంగా ఆరోగ్యం బాగుపడుతుందా?"

నడక మంచిదే, అందులో వాదన లేదు. నన్ను పట్టుకున్నది ఆ స్లైడు. అందులోని లెక్క నిజమే అయ్యుండొచ్చు. దాన్నుంచి లాగిన తీర్పు దగ్గరే తిరకాసు ఉంది.

అలిపిరి నుంచి మెట్లెక్కి వచ్చినవాళ్లకూ, బస్సులో వచ్చినవాళ్లకూ తిరుమల కొండపైన బీపీ, షుగరు చూశారనుకోండి. నడిచొచ్చినవాళ్ల అంకెలే బాగుంటాయి. 3,550 మెట్ల మహిమ అనేద్దామా? ముందు బస్సులో ఎవరున్నారో చూడండి. మోకాళ్ల నొప్పుల మామ్మ, స్టెంట్ వేయించుకున్న బాబాయి, నెలలు నిండుతున్న కోడలు, ఆయాసంతో ఇన్‌హేలర్ పట్టుకున్న పెద్దాయన. మొదటి మెట్టు మీద కాలు పెట్టకముందే జనం రెండుగా చీలిపోయారు. మెట్లు చేసిన మేలు ఎంత, ఆ చీలికవల్ల వచ్చిన తేడా ఎంత అన్నది కొండపైన నిలబడి ఎవరూ చెప్పలేరు. వయసు, బరువు రాసుకుని లెక్క సరిచేసినా పూర్తిగా సరికాదు. ఒకే వయసు, ఒకే బరువు ఉన్న ఇద్దరిలో ఒకరు "నడుద్దాం" అని, మరొకరు "బస్సెక్కుదాం" అని ఎందుకన్నారో ఏ ఫారంలోనూ ఉండదు. దీన్నే సెలెక్షన్ బయాస్ అంటారు.

విరుగుడు కూడా తిరుమలలోనే ఉంది. ఆర్జిత సేవలకు టీటీడీ లక్కీ డిప్ తీస్తుంది కదా, అలాగే ఎవరు నడవాలో, ఎవరు బస్సెక్కాలో అలిపిరిలో డిప్ తీయాలి. డిప్‌కు ఎవరి మోకాళ్లూ తెలియవు. జనం వేలల్లో ఉంటే మామ్మలు, బాబాయిలు, కుర్రాళ్లు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకే పాళ్లలో పడతారు. ఆ తర్వాత గుంపుల మధ్య గట్టి తేడా కనబడితే దాన్ని మెట్ల ఖాతాలో వేయొచ్చు. కాలేజీలో ప్రాబబిలిటీ అంటే పెట్టెలోంచి ఎర్రబంతులు, నల్లబంతులు తీయించి వదిలేస్తారు. యాదృచ్ఛికతతో ఇంత పని ఉందని మాకెవరూ చెప్పలేదు.

ఇక్కడో చిక్కుంది. డిప్‌లో నడక వచ్చిన మామ్మ సగం దారిలో ఆగిపోతే? ఆమెను నడక గుంపులోనే లెక్కించాలి. తీసేశారంటే మళ్లీ ఓపికున్నవాళ్లే మిగులుతారు, డిప్ తీసిన ఫలం పోతుంది. నడక వచ్చినవాళ్లలో సగంమందే నడిచి, బస్సు వచ్చినవాళ్లెవరూ నడవకపోతే, రెండు గుంపుల సగటు తేడాను 0.5తో భాగించాలి. అప్పుడు వచ్చేది, డిప్‌కు కట్టుబడి నడిచినవాళ్ల మీద నడక ప్రభావం. డిప్‌లో పేరు రావడమే ఆరోగ్యాన్ని మార్చదన్న షరతు మీద మాత్రమే ఈ భాగహారం చెల్లుతుంది.

ఆఫీసు విషయంలో ఈ పని 2016లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేశారు. దాదాపు 4,800 మంది ఉద్యోగుల్లో డిప్ తీసి, సుమారు 3,300 మందికి ఆరోగ్య కార్యక్రమంలో చేరే వీలిచ్చారు. మిగతావాళ్లకు ఇవ్వలేదు. మొదట పాత పద్ధతిలో, అంటే చేరినవాళ్లను చేరనివాళ్లతో పోల్చి చూశారు. చేరినవాళ్లకు వైద్య ఖర్చు తక్కువ, జిమ్ముకు వెళ్లడం ఎక్కువ. అచ్చం మన స్లైడే. డిప్ ప్రకారం పోల్చేసరికి ఆ తేడాలు దాదాపు మాయమయ్యాయి. కార్యక్రమం మొదలుకాక ముందు ఏడాదిలోనే చేరబోయేవాళ్ల వైద్య ఖర్చు తక్కువగా ఉందట! మిగిలిన ఫలితాల్లో చెప్పుకోదగ్గవి రెండు: హెల్త్ చెకప్ చేయించుకున్నవాళ్లు కొంత పెరిగారు, మా సంస్థకు మా ఆరోగ్యం పట్టింది అనుకునేవాళ్లు పెరిగారు. రెండోది యాజమాన్యానికి చేదుగా ఉండదు లెండి.

ఇది కొత్త అనుమానమేమీ కాదు. 1953లో లండన్‌లో జెరీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడి బృందం, డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చునే డ్రైవర్లకంటే గుండెజబ్బు తక్కువని చూపించింది. వ్యాయామానికి అనుకూలంగా ఇప్పటికీ చెప్పే సాక్ష్యమది. మోరిస్ అంతటితో ఆగలేదు. ఉద్యోగులకిచ్చిన యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతల రికార్డులు తెప్పించుకుని చూశారు. వయసులో చిన్నవాళ్లలో కూడా డ్రైవర్ల నడుమే లావు! అంటే తేడాలో కొంత, సీట్లో కూర్చోకముందు నుంచీ ఉన్నదే కావచ్చు. తన గొప్ప ఫలితం మీద తానే అనుమానపడి దర్జీ లెక్కలు తిరగేసిన ఆ మనిషంటే నాకు మహా ఇష్టం.

మరి ఆఫీసు ఏం చేసినా లాభం లేదా? ఉంది. పని చేసే పద్ధతిని మార్చినప్పుడు ఫలితం కనిపించిన పరీక్ష ఒకటి చైనాది. షాంఘైలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ 2010 డిసెంబరులో కాల్ సెంటర్ ఉద్యోగులకు ఇంటినుంచి పని ఇచ్చి చూసింది. ముందుకొచ్చిన వాళ్లలో అర్హులు 249 మంది. డిప్ ఏమిటో తెలుసా, పుట్టినరోజు! సరి తేదీవాళ్లు వారంలో 4 రోజులు ఇంటినుంచి, బేసి తేదీవాళ్లు ఆఫీసు నుంచి. పుట్టిన తేదీని బట్టి ఉద్యోగయోగం చెప్పే మన పంచాంగకర్తలు ఈ ఒక్క కేసులో పూర్తిగా కరెక్టు.

9 నెలల్లో ఇంటినుంచి పనిచేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. సిక్ లీవులూ తగ్గాయి. అయితే ఒంట్లో నలతగా ఉన్నా ఇంట్లోనైతే హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చోగలం, కాబట్టి సిక్ లీవు తగ్గడాన్ని ఆరోగ్యం పెరగడంగా నేను లెక్కేయను. మీ హెచ్‌ఆర్ వాళ్లూ వేయకూడదు.

ప్రయోగం ముగిశాక కంపెనీ ఎవరిష్టం వాళ్లకు వదిలేసింది. ముందుకొచ్చినవాళ్లలో సగానికిపైగా మనసు మార్చుకున్నారు. ఇంట్లో ఒంటరితనం అన్నది ముఖ్యంగా చెప్పిన కారణం. అలా ఎవరికి నప్పింది వాళ్లు ఎంచుకున్నాక, 13 శాతం ఉన్న లాభం 22 శాతానికి చేరింది. పరిశోధకులు డిప్ తీసి మరీ బయటికి నెట్టిన సెలెక్షనే ఆ కంపెనీకి మిగతా 9 శాతం తెచ్చిపెట్టింది.