డ్రిల్లుకు ఎంతమంది వచ్చారు? ఎక్కడికి వచ్చారు?

విపత్తులను తట్టుకునేలా ఊళ్లను సిద్ధం చేసే ప్రాజెక్టుల మీద మళ్లీ తగువు మొదలైంది. విపత్తుల నష్టాన్ని తగ్గించుకోవడానికి ప్రపంచ దేశాలు చేసుకున్న సెండాయ్ ఒప్పందం గడువు 2030. చేతిలో ఉన్న కాలం తక్కువ కాబట్టి ప్రగతి సమీక్షల జోరు పెరిగింది. సమీక్ష జరిగిన చోటల్లా రెండు కథలు బయటికొస్తాయి. ప్రాజెక్టు ఆఫీసు కాగితం ప్రకారం కమిటీలు వేశారు, వాలంటీర్లకు శిక్షణ ఇచ్చారు, మాక్ డ్రిల్లులు జరిపారు, షెల్టరు కట్టారు, సైరన్ బిగించారు, టార్గెట్ దాదాపు పూర్తయింది. ఊళ్లోకి వెళ్లి అడిగితే వేరే కథ. కమిటీలో తన పేరుందన్న సంగతే తెలియని సభ్యురాలు కనిపిస్తుంది. షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో చెప్పలేని వాలంటీరు కనిపిస్తాడు. సైరన్ మోగితే మంచం మీదున్న ముసలాయన్ని ఎవరు మోసుకెళ్లాలన్నది ఎవరికీ అప్పగించి ఉండదు.

ఈ గొడవకు మూలం చెప్పేవాళ్లు మామూలుగా 1995 కోబె భూకంపంతోనో, 2004 డిసెంబరు సునామీతోనో మొదలుపెడతారు. అవి అందరికీ తెలిసిన కథలే, మళ్లీ చెప్పను. నా దృష్టిలో అసలు మలుపు 2011 మార్చిలో వచ్చింది. జపాన్ ఈశాన్య తీరంలో కమాయిషి అనే నగరం ఉంది. దాని శివార్లలో ఉనొసుమాయి అనే చిన్న ప్రాంతం. అక్కడ ఎనిమిది రోజుల తేడాతో జరిగిన రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూస్తే, ఇవాళ మనం దేని గురించి కొట్లాడుకుంటున్నామో తేటగా కనిపిస్తుంది.

ఆ తీరంలో మార్చి 3 డ్రిల్లు రోజు. 1933లో అదే తేదీన వచ్చిన సునామీ మూడు వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆ జ్ఞాపకంతోనే ఏటా సాధన చేస్తారు. ఉనొసుమాయి వాళ్లు సునామీ వస్తే వెళ్లాల్సిన చోట్లు కొండవాలున ఎత్తులో ఉన్నాయి. అక్కడికి ఎక్కడం పెద్దవాళ్లకు కష్టం. చలిలో, వయసు మీద పడ్డ మోకాళ్లతో అంత దూరం ఎవరు వస్తారు? డ్రిల్లుకు వచ్చేవాళ్లు పలుచగా ఉండేవారు.

2010 ఫిబ్రవరిలో అక్కడ రెండంతస్తుల కొత్త భవనం తెరిచారు. పేరు విపత్తు నివారణ కేంద్రం. అది పల్లపు నేల మీదే ఉంది. సునామీ వచ్చేటప్పుడు పరుగెత్తాల్సిన చోటుగా దాన్ని గుర్తించలేదు. విపత్తు దాటాక ఇళ్లు పోయినవాళ్లు కొన్నాళ్లు తలదాచుకోవడానికి ఉద్దేశించిన భవనం అది. కానీ కొత్తది, దగ్గర్లో ఉంది, లోపల వెచ్చగా ఉంటుంది. డ్రిల్లు ఇక్కడే పెడితే పెద్దవాళ్లు కూడా వస్తారని స్థానికులు అడిగారు, నగర అధికారులు కాదనలేదు. అనుకున్నట్టే జనం పెరిగారు. 2011 మార్చి 3న సుమారు వందమంది వచ్చారు. సమీక్షకు వెళ్లినవాళ్లు ఎవరైనా దాన్ని మంచి ప్రగతిగానే రాసి ఉండేవారు. పాల్గొనేవాళ్ల సంఖ్య పెరిగింది, వృద్ధులూ వస్తున్నారు, సమాజాన్ని కలుపుకుపోవడం బాగుంది.

మార్చి 11 మధ్యాహ్నం 2:46కి భూమి కంపించింది. నీళ్లు రావడానికి సుమారు అరగంట ఉంది. ఆ అరగంటలో జనం తాము నేర్చుకున్నట్టే చేశారు. వారం కిందట కాళ్లు నడిచిన దారినే నడిచి, ఆ కేంద్రానికే వెళ్లారు. పై అంతస్తు హాల్లోకి చేరారు. నీళ్లు ఆ హాలు కప్పుదాకా వచ్చాయి. ఆ భవనంలో 160 మందికి పైగా చనిపోయారని తర్వాత నగరం వేసిన దర్యాప్తు సంఘం అంచనా వేసింది. ప్రాణాలతో బయటపడ్డవాళ్లు కొద్దిమందే.

అదే మధ్యాహ్నం, అదే ఉనొసుమాయిలో, ఆ కేంద్రానికి పెద్దగా దూరంలో లేని రెండు బడులున్నాయి. హైస్కూలు స్థాయి పిల్లలు కంపం ఆగీ ఆగగానే పరుగు తీశారు. పక్కనున్న ప్రాథమిక పాఠశాల వాళ్లు మొదట తమ మూడో అంతస్తులోకి చేరారు. సునామీ నీళ్లు ఎందాకా రావచ్చో చూపే హజార్డ్ మ్యాపు ప్రకారం ఆ భవనం ముంపు బయటే ఉంది. పెద్ద పిల్లలు పరుగెత్తడం చూసి వాళ్లూ దిగి వెంట పడ్డారు. ముందుగా అనుకున్న చోటికి చేరాక వెనకున్న కొండచరియ విరిగి పడుతుండటం గమనించి ఇంకా పైకి వెళ్లారు. అక్కడినుంచీ మళ్లీ పైకి. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకుని నడిపించారు. సుమారు 570 మంది పిల్లలు బతికి బయటపడ్డారు. అప్పట్లో గున్మా విశ్వవిద్యాలయంలో ఉన్న తొషితాకా కతాదా అంతకు కొన్నేళ్ల ముందునుంచే కమాయిషి బడుల్లో పనిచేస్తూ పిల్లలకు మూడు మాటలు నేర్పారు. మ్యాపు గీతను నమ్మి కూర్చోవద్దు. ఆ క్షణంలో చేయగలిగినంతా చేయి. ముందు నువ్వు కదులు, నిన్ను చూసి మిగతావాళ్లు కదులుతారు.

ఒకే ఊరు, ఒకే సునామీ, రెండు చోట్లా ‘డ్రిల్లు జరిగింది’. సమీక్ష ఫారంలో రెండింటికీ ఒకే టిక్కు పడుతుంది. నాకు తెలిసినంతలో, ఈ తగువును ఇంతకంటే సూటిగా చూపించే ఉదాహరణ లేదు. కేంద్రంలో చనిపోయినవాళ్లు అజాగ్రత్తగా ఉన్నవాళ్లు కాదని మరిచిపోకూడదు. డ్రిల్లుకు వచ్చినవాళ్లు, చెప్పింది విన్నవాళ్లు, సైరన్‌ను లెక్కచేసినవాళ్లు. ప్రాజెక్టు ఎలాంటి మనుషుల్ని తయారుచేయాలని కోరుకుంటుందో వాళ్లు అలాంటి మనుషులే.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్లాలి. టిక్కుల పద్ధతి ఎక్కడినుంచి వచ్చింది? 2005 జనవరిలో జపాన్‌లోని కోబెలో 168 దేశాలు, సెండాయ్ కంటే ముందున్న ఒప్పందమైన హ్యోగో కార్యాచరణకు ఒప్పుకున్నాయి. ప్రగతి ఎలా కొలవాలన్న ప్రశ్న వెంటనే వచ్చింది. ఎంచుకున్న దారి ఏమిటంటే, 22 ముఖ్య సూచికలు పెట్టి, ప్రతి దేశ ప్రభుత్వం తనకు తానే 1 నుంచి 5 వరకు మార్కులు వేసుకుని నివేదిక పంపడం. అప్పట్లో ఇది చిన్న విషయం కాదు. అంతకుముందు దేశాల మధ్య పోల్చి చూసుకునే లెక్కే లేదు. కానీ ఆ అలవాటు దేశం నుంచి రాష్ట్రానికి, అక్కడినుంచి ప్రాజెక్టుకు, చివరికి ఊరి కమిటీ దాకా దిగింది. చేసినవాడే మార్కులు వేసుకోవడం పద్ధతిగా స్థిరపడింది.

దీన్ని మొదట గట్టిగా ప్రశ్నించింది స్వచ్ఛంద సంస్థల ప్రపంచ వేదిక ఒకటి. 2009లో 48 దేశాల్లో సుమారు ఏడు వేల మందిని కలిసి అడిగి, ప్రభుత్వాలు చెబుతున్న ప్రగతి నేల మీద ఎంత కనిపిస్తోందో చూసింది. నివేదికకు పెట్టిన పేరులోనే సంగతంతా ఉంది: మబ్బులున్నాయి, వాన మాత్రం అంతంతే. రాజధానుల్లో చట్టాలు, విధానాలు వచ్చాయి గానీ ఊళ్లలో పని తీరు పెద్దగా మారలేదని తేల్చింది. ఆ ఏడాది జూన్‌లో జెనీవాలో జరిగిన ప్రపంచ సమావేశంలో దాన్ని చర్చకు పెట్టారు. ఆ నివేదిక కొలతలు పక్కాగా లేవని విమర్శించినవాళ్లున్నారు. కానీ ఊళ్లో ఉండేవాళ్లను అడగాలి అన్న మాట అక్కడినుంచి వెనక్కి పోలేదు. రెండేళ్లకు ఉనొసుమాయి జరిగింది. అడగడమొక్కటే చాలదని అది చూపించింది. డ్రిల్లును పల్లానికి దించమన్నది కూడా ఊరివాళ్లే కదా. సమీక్ష చేసేవాళ్లు అడగాలి, విన్నాక ప్రాణానికి ముప్పున్న చోట కాదని చెప్పే ధైర్యమూ ఉండాలి.

అదే రోజు ఇంకాస్త దక్షిణాన, ఇషినొమాకి నగరంలోని ఒకావా ప్రాథమిక పాఠశాలలో 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు చనిపోయారు. బడి కితాకామి నది పక్కన ఉంది. సముద్రం నాలుగు కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. మ్యాపు ప్రకారం ముంపు బయట. కంపం తర్వాత సుమారు 50 నిమిషాలు పిల్లల్ని ఆటస్థలంలోనే ఉంచారు. బడి వెనక కొండ ఉంది, పిల్లలు పుట్టగొడుగులు పెంచడానికి అప్పుడప్పుడు ఎక్కే కొండే. బడికి విపత్తు మాన్యువల్ కూడా ఉంది. సునామీ వస్తే ఎక్కడికి వెళ్లాలన్న చోట అందులో రాసింది ‘దగ్గర్లోని ఖాళీ స్థలం, పార్కు మొదలైనవి’ అని. ఏ ఖాళీ స్థలం? ఏ పార్కు? ఆ చుట్టుపక్కల నిజంగా పనికొచ్చే చోటు పేరు మాన్యువల్లో లేదు.

23 మంది పిల్లల కుటుంబాలు కోర్టుకెళ్లాయి. కింది కోర్టు ఆ రోజు ఉపాధ్యాయులు తీసుకున్న నిర్ణయాన్ని తప్పుపట్టింది. 2018 ఏప్రిల్‌లో సెండాయ్ హైకోర్టు మరో మెట్టు ముందుకు వెళ్లింది. తప్పు ఆ మధ్యాహ్నం మొదలవలేదని, ముందుగానే మాన్యువల్‌ను సరిచేయని బడిదీ, అందులో లోపాన్ని చూసి సరిదిద్దించని విద్యా బోర్డుదీ కూడా అని చెప్పింది. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. సమీక్షల గురించి మాట్లాడేవాళ్లు ఈ తీర్పును చదవాలని నా గట్టి నమ్మకం. మాన్యువల్ ఉందా లేదా అని చూసి సంతకం పెట్టడంతో పై అధికారి పని అయిపోదని, లోపల రాసింది ఆ నేల మీద పనికొస్తుందా అని చూడటం కూడా అతని బాధ్యతేనని ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకుంది.

ప్రాజెక్టులు నడిపేవాళ్ల వాదన కూడా చెప్పాలి. లెక్కలు లేకపోతే నిధులు రావు. ప్రాజెక్టు మూడేళ్లో ఐదేళ్లో నడుస్తుంది, ఆ కాలంలో తుఫానో భూకంపమో రాకపోవచ్చు. రాని విపత్తులో బతికినవాళ్లను ఎలా లెక్కపెడతారని వాళ్లు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. వాళ్లు చూపించే ఉదాహరణ బంగ్లాదేశ్. 1970 నవంబరు తుఫానులో చనిపోయినవాళ్లు మూడు నుంచి ఐదు లక్షలని అంచనా. 1991 ఏప్రిల్‌లో సుమారు 1,38,000. 2007 సిడ్ర్ తుఫానులో సుమారు 3,400. షెల్టర్లు లెక్కపెట్టి కట్టడం వల్ల, వాలంటీర్లను లెక్కపెట్టి చేర్చుకోవడం వల్లే ఇది జరిగిందని అంటారు.

నిజమే, కానీ మధ్యలో ఉన్న 1991ని తొందరగా దాటేస్తారు. అప్పటికే వాలంటీర్ల వ్యవస్థ ఉంది, హెచ్చరిక వెళ్లింది. అయినా చాలామంది కదల్లేదు. షెల్టర్లు చాలవు. ఉన్నచోట కూడా ఆడవాళ్లు వెళ్లడానికి వెనకాడారు. మగవాళ్లతో కిక్కిరిసిన గదిలో, మరుగుదొడ్డి లేని చోట, ఇంట్లో మగదిక్కు లేనప్పుడు రాత్రి ఎలా వెళ్తారు? పశువుల్ని ఎవరికి వదిలేస్తారు? చనిపోయినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు చాలా ఎక్కువ. ఆ తర్వాత షెల్టర్లలో ఆడవాళ్లకు వేరే గదులు, మరుగుదొడ్లు, పశువులకు మట్టి దిబ్బలు వచ్చాయి. ఆడ వాలంటీర్లు ఇంటి గుమ్మం దాకా వెళ్లి పిలిచే పద్ధతి బలపడింది. ఇప్పుడు అక్కడ 75,000 మందికి పైగా వాలంటీర్లుంటే అందులో సగం ఆడవాళ్లే. షెల్టర్ల సంఖ్య ఎంత ముఖ్యమో, ఆమె ఎందుకు రాలేదని ఎవరో కూర్చుని అడగడం కూడా అంతే ముఖ్యం. ఆ రెండో పనికి ఏ పట్టికలోనూ పెద్ద గడి ఉండదు.

2015 మార్చిలో హ్యోగో స్థానంలో సెండాయ్ ఒప్పందం వచ్చింది. ఏడు లక్ష్యాలు, 2017లో వాటికి 38 సూచికలు, 2018 మార్చి నుంచి ఆన్‌లైన్‌లో లెక్క. ఈసారి మరణాలు, నష్టాలు నేరుగా లెక్కలోకి వచ్చాయి, అది మంచి మార్పు. స్థానిక సంస్థల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాత వాసన పోలేదు. ఎన్ని స్థానిక సంస్థలకు వ్యూహం ఉంది, ఎన్నింటికి హెచ్చరిక వచ్చినప్పుడు ఏం చేయాలో ప్రణాళిక ఉంది అని లెక్క తీస్తారు. ఒకావా బడికి కూడా ప్రణాళిక ఉంది. 2023 మేలో న్యూయార్క్‌లో జరిగిన మధ్యకాల సమీక్ష ప్రగతి నెమ్మదిగా, హెచ్చుతగ్గులతో ఉందని ఒప్పుకుంది. ఏం లెక్కపెట్టాలన్న ప్రశ్నను మాత్రం తేల్చలేదు. అందుకే అదే గొడవ ఇప్పుడు ఊరి ప్రాజెక్టుల సమీక్షల్లో మళ్లీ లేచింది.

ఆ 38లో జి-6 అనే సూచిక ఒకటుంది. హెచ్చరిక అందాక, విపత్తు రాకముందే తరలివెళ్లి ప్రాణాలు కాపాడుకున్నవాళ్లు ప్రమాదంలో ఉన్నవాళ్లలో ఎంత శాతం అని అడుగుతుంది. ఊరివాళ్లు అడుగుతున్నదీ అదే. దాని జవాబు విపత్తు వచ్చాకే తెలుస్తుంది కాబట్టి అప్పటిదాకా దానికి బదులుగా ఏం చూడాలన్నదే మిగిలిన చిక్కు. చెప్పకుండా ఓ రాత్రి సైరన్ మోగించి, మంచం మీదున్న ముసలాయన ఎన్ని నిమిషాల్లో నిజమైన ఎత్తుకు చేరాడో చూడమని ఒక వర్గం అంటోంది. ఒక్క ఊళ్లో అది చేయడానికి పట్టే సమయంలో పది ఊళ్ల రిజిస్టర్లు చూడొచ్చని, గడువు దగ్గర పడిందని ఇంకో వర్గం అంటోంది. ఉనొసుమాయిలో ఆ కేంద్రాన్ని కూల్చేశారు. ఆ స్థలంలో ఇప్పుడు స్మారక పార్కు ఉంది. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చూపించే గుర్తు అక్కడ నిలబెట్టారు.