ఫ్రెంచ్‌లో మనసైనవాళ్లను పరిచయం చేయడం: అపోహలు - వాస్తవాలు

నేను ఫ్రెంచ్ నేర్పుతాను. పై చదువులకు ఫ్రాన్స్ వెళ్లేవాళ్లు, కెనడా పీఆర్ కోసం పరీక్ష రాసేవాళ్లు ఎక్కువగా వస్తుంటారు. వ్యాకరణం బాగానే పట్టుబడుతుంది. పక్కనున్న మనిషి తనకేమవుతారో చెప్పాల్సి వస్తేనే తడబడతారు.

అపోహ: "కొపాఁ" అంటే బాయ్‌ఫ్రెండ్, "కొపీన్" అంటే గర్ల్‌ఫ్రెండ్.

సగమే నిజం. ప్రేమ అనే అర్థం తెచ్చేది ముందున్న "నా". "మోఁ కొపాఁ" అంటే ప్రేమించినవాడు. "అఁ కొపాఁ" అంటే ఎవరో ఒక స్నేహితుడు. "మే కొపాఁ" అని బహువచనంలో అంటే మళ్లీ మామూలు స్నేహితులే. లియోఁలో ఒక కుర్రాడు ఇంటి ఓనరమ్మకి తన రూమ్మేట్‌ని చూపించి "సె మోఁ కొపాఁ" అన్నాడనుకోండి. ఆవిడ వాళ్లిద్దరూ జంట అనుకుని మామూలుగా పలకరిస్తుంది. 2013 నుంచి స్వలింగ వివాహాలు చట్టబద్ధమైన దేశం అది, అందులో వింతేమీ లేదు. జంట కానప్పుడు మాత్రం "మోఁ కొలొక్" అనాలి, రూమ్మేట్‌కి అక్కడ వాడే మాట అదే. మామూలు స్నేహితుడైతే "అన్నామి ఆ మ్వా" అంటే సరిపోతుంది.

అపోహ: "నా" అనడానికి, మాట్లాడేది ఆడపిల్లయితే "మా", మగపిల్లాడైతే "మోఁ".

కాదు. ఎవరిని పరిచయం చేస్తున్నామో వాళ్లని బట్టే. అమ్మాయి అన్నా అబ్బాయి అన్నా "మోఁ కొపాఁ", "మా కొపీన్" మారవు.

అపోహ: పెళ్లికాని జంట "పార్తెనేర్" అంటే మర్యాదగా ఉంటుంది.

ఆ మాట వింటే వ్యాపార భాగస్వామో, టెన్నిస్ డబుల్స్ జోడీయో గుర్తొస్తుంది. 1999లో వచ్చిన "పాక్స్" ఒప్పందపు కాగితాల్లో మాత్రం అదే వాడతారు. పెళ్లి చేసుకోకుండా కలిసి బతకాలనుకునే జంటలకు చట్టం ఇచ్చిన ఏర్పాటు అది. ఏళ్ల తరబడి కలిసి ఉంటున్నవాళ్లు నోటితో చెప్పేది "మోఁ కొంపాన్యోఁ", ఆమెనైతే "మా కొంపాన్య్". నా లెక్కన ముప్పై దాటినవాళ్లకు ఇదే నిండుగా ఉంటుంది. డిక్షనరీ చూసి "ఆమాఁ" అని మాత్రం ఎప్పుడూ అనకండి. అది చాటుమాటు సంబంధంలా వినిపిస్తుంది.

అపోహ: ఫ్రాన్స్‌లో నేర్చుకున్నది కెనడాలోని మాంట్రియల్‌లోనూ అలాగే నడుస్తుంది.

అర్థమవుతుంది కానీ అక్కడివాళ్లు బాయ్‌ఫ్రెండ్‌ని "మోఁ చమ్", గర్ల్‌ఫ్రెండ్‌ని "మా బ్లోండ్" అంటారు. బ్లోండ్ అంటే బంగారు రంగు జుట్టున్న అమ్మాయి. అమ్మాయి జుట్టు నల్లగా ఉన్నా బ్లోండే.

అపోహ: పరిచయంలో బంధం పేరు చెప్పి తీరాలి.

అక్కర్లేదు. "మామాఁ, జ్ తె ప్రెజాంత్ జూలియాఁ" (అమ్మా, ఇతను జూలియాఁ) అని పేరు చెబితే చాలామంది ఇళ్లలో అర్థమైపోతుంది. ఇక్కడ మనవాళ్లు అసలు జాగ్రత్తపడాల్సింది వేరే ఉంది. అవతలివాళ్ల అమ్మానాన్నలతో మొదట "వూ" (మీరు) అనే మొదలుపెట్టండి. "ఓఁ ప సె త్యుత్వాయే" (నువ్వు అనుకోవచ్చు) అని వాళ్లే అన్నాక "త్యు" (నువ్వు)లోకి దిగండి.