మడమలు పట్టే పొట్టి కుక్క

అమ్మడూ, చిన్నోడా,

మొన్న ఫోనులో మీరు చూపించిన కుక్క స్వీడిష్ వాల్‌హుండ్. పొట్టి కాళ్ల నక్కలా భలే ఉంది. "కొందామా తాతయ్యా" అన్నారు. ఊ అనో వద్దనో ఒక్క ముక్కలో తేల్చేయడం నాకిష్టం లేదు. ముందు దాని సంగతి వినండి.

అది పశువుల్ని తోలే కుక్క. స్వీడన్‌లో వెస్టర్‌యోట్లాండ్ అనే ప్రాంతపు రైతులు ఆవుల కోసం పెంచుకునేవారు. ఎత్తు 33 సెంటీమీటర్లకి అటూ ఇటూ, అంటే మన గేదె మోకాలు కూడా అందదు. బరువు 9 నుంచి 14 కిలోలు. అంత బుడత అంత పశువుని ఎలా కదిలిస్తుందంటే, వెనకగా వచ్చి మడమ దగ్గర చటుక్కున పట్టి వదిలేస్తుంది. వెంటనే నేలకి అణిగిపోతుంది. ఆవు ఎంత విసురుగా తన్నినా ఆ తన్ను దాని వీపు మీదుగా పోవాల్సిందే! లంకల్లో గేదెల్ని మేపుకొచ్చేవాళ్లని చూశారుగా, మంద వెనకే నడుస్తారు. ఇదీ అంతే. కాకపోతే దీని చేతిలో కర్ర ఉండదు, పళ్లుంటాయి.

1942 నాటికి ఈ జాతి దాదాపు అంతరించిపోయింది. బ్యోర్న్ వాన్ రోసెన్ అనే ఆయనకి చిన్నప్పుడు చూసిన ఈ కుక్కలు గుర్తుండి, కార్ల్ గుస్తాఫ్ జెట్టర్‌స్టెన్‌తో కలిసి ఊళ్లు గాలించాడు. ఒక మగకుక్క, మూడు ఆడకుక్కలు దొరికాయి. వాటితోనే జాతిని నిలబెట్టారు. 1943లో స్వీడన్ కెన్నెల్ క్లబ్, అంటే కుక్కల జాతుల్ని నమోదు చేసే సంఘం, దీన్ని గుర్తించింది. ఇప్పటికీ అరుదే.

ఇంట్లో పెంచితే మనుషుల్ని వదిలి ఉండదు, చెప్పింది ఇట్టే పట్టేస్తుంది. కానీ మీరు పెరట్లో పరిగెడితే మీ మడమలూ పడుతుంది. అది కోపం కాదర్రా, మిమ్మల్ని మంద అనుకోవడం. అప్పుడు కసరకూడదు, కొట్టకూడదు. టక్కున ఆగిపోయి దాని నోటికి బంతి అందించాలి. రోజూ చిన్నప్పట్నుంచే అలా నేర్పాలి. పనీ నడకా లేకపోతే మొరిగి మొరిగి వీధంతా లేపుతుంది.

నాకు బెంగ మాత్రం మన ఎండల గురించే. దాని ఒంటి మీద రెండు వరసల బొచ్చు, లోపలిది మెత్తగా, దట్టంగా ఉంటుంది. చలిదేశానికి అది చక్కటి ఏర్పాటు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే వేడి తగ్గుతుంది. నోటి తడి గాలికి ఆరాలి. రోహిణి కార్తెలో మన కోనసీమ ఉక్కకి మన ఒంటి మీద చెమటే ఓ పట్టాన ఆరదు, ఇక దాని నాలుకేం ఆరుతుంది? బొచ్చు గొరిగించేద్దామంటారేమో, వద్దు. ఆ బొచ్చే ఎండ నుంచి చర్మాన్ని కాస్తుంది. పగలంతా ఏసీ గదిలో పెడితే బతుకుతుంది, నిజమే. పరిగెత్తడానికి పుట్టినదాన్ని గదిలో కట్టేయడానికి నాకు మనసొప్పదు. అందుకే వద్దంటున్నాను.

కుక్క కావాలంటే మన వీధి కుక్క ఈనినప్పుడు ఒక పిల్లని తెచ్చుకుందాం. తల్లి పాలు మానాకే సుమా, రేబిస్ టీకా బాధ్యత నాది. తోలడం చూడాలనుంటే సార్వా కోతలయ్యాక రండి. బాతులవాళ్లు చేలల్లోకి దిగుతారు, రాలిన గింజల కోసం వందల బాతులు గట్ల వెంట ఎలా మళ్లుతాయో చూపిస్తాను.

మీ తాతయ్య