పాత బండిలో కాపురం: అపోహలు, వాస్తవాలు

విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో మాది బాడీలు కట్టే షెడ్డు. లారీలకు తొట్లు, పాల వ్యాన్లకు డబ్బాలు, టిఫిన్ బండ్లకు కౌంటర్లు, ఇదీ మాకు అన్నం పెట్టే పని. కొన్నాళ్లుగా పాత ఓమ్నీయో, బొలెరో పికప్పో, టాటా 407 లాంటిదో తోలుకొచ్చి "ఇందులో ఉండిపోయేలా చేసిపెట్టండి" అనేవాళ్లు పెరిగారు. ఋషికొండ ఐటీ కొలువుల్లో చేరి అద్దెలు విని బెదిరిన కుర్రాళ్లున్నారు, సైట్ల వెంట నెలల తరబడి తిరిగే కాంట్రాక్టర్లున్నారు, రిటైరయ్యాక ఊళ్లు చూద్దామనే భార్యాభర్తలున్నారు. అందరూ విదేశీ వీడియోలు చూసే వస్తారు. ఆ బండ్లు మంచులో తిరిగేవి. మనకు మంచంటే లంబసింగిలో కొన్నాళ్లు, అంతే. మిగతా ఏడాదంతా ఉక్క, ఉప్పుగాలి. ఈ రెండింటినీ లెక్కలో వేసుకోకుండా ఇక్కడ బండి కడితే చవక కాస్తా రెట్టింపు ఖర్చవుతుంది.

అపోహ: బండి చవగ్గా దొరికితే సగం పని అయిపోయినట్టే

కొన్న ధర ఒక్కసారి ఇస్తాం. బండి మాత్రం ఏటేటా అడుగుతూనే ఉంటుంది. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, టైర్లు, బ్రేకులు. పసుపు ప్లేటు బండి ఎనిమిదేళ్లు దాటితే ఏడాదికోసారి ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ తనిఖీకి, నిలబెట్టాలి. సొంత వాడకపు తెల్ల ప్లేటు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. పద్నాలుగేళ్ల బండిని అంత తక్కువకు ఎందుకు అమ్ముతున్నాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కొనేముందు చూడాల్సింది ఇంజన్ ఒక్కటే కాదు. ఇంజన్‌ని ఎవరైనా బాగుచేస్తారు, తుప్పు తిన్న అడుగు భాగం బాగుచేయించాలంటే బండి ఖరీదంతా అవుతుంది. జేబులో చిన్న అయస్కాంతం ముక్క పెట్టుకెళ్లండి. తలుపుల కింది అంచులు, చక్రాల పైన వంపులు, వైపర్ల కింద మూల, ఈ చోట్ల అంటించి చూడండి. అంటుకోకుండా జారిపోతే రంగు కింద రేకు లేదు, పుట్టీ ఉంది. హార్బర్ వైపు చేపలు మోసిన బండి అయితే తొట్టి కింద ఐస్ నీళ్లు కారిన చారలుంటాయి, వాటి వెంట వేలు పెట్టి నొక్కండి. అన్నిటికంటే ముందు చాసిస్ నంబరు. చెక్కిన అంకెలు తుప్పుకి చెరిగిపోయి ఉంటే ఆ బండి ఎంత తక్కువకిచ్చినా వద్దంటాను. ఆ అంకెల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే ముద్రను పెన్సిల్ ప్రింటు అంటారు, అది రాని బండితో ట్రాన్స్‌ఫర్ దగ్గర మొదలుపెట్టి రెన్యువల్ దాకా తిప్పలే.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు లోతుగా ఉన్నాయి కదా అని మురిసిపోకండి. నిలబెట్టి ఉంచిన బండి టైరు తిరగకపోయినా గట్టిపడి పక్కలు పగులుతుంది.

ఇక కాలిన ఆయిల్ కొట్టిస్తే అడుగు తుప్పు పట్టదన్న మాట మా ఆటోనగర్‌లోనే పుట్టిందేమో అనిపిస్తుంది, అంత గట్టిగా నమ్ముతారు. ఆ ఆయిల్ దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది, ఆ ముద్ద తేమను పట్టి ఉంచుతుంది, రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి. మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తుప్పు గోకి, ఎపాక్సీ ప్రైమరు, దానిమీద అండర్‌బాడీ కోటింగు వేయించండి. బీచ్ రోడ్డులో ఉండేవాళ్లు వారానికోసారి అడుగున నీళ్లు కొట్టించుకోవాలి. తలుపుల అడుగున నీళ్లు పోవడానికి కంపెనీ పెట్టిన చిల్లులు మట్టితో మూసుకుపోతాయి. ఓ పుల్లతో పొడిస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

అపోహ: నా బండి నా ఇష్టం, లోపల ఏం చేసుకుంటే ఎవరడుగుతారు?

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ అడుగుతుంది. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని దాని సారం. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. క్యాంపర్ వ్యాన్, అంటే లోపల ఉండేలా కట్టిన బండి, అనే తరగతి మన చట్టంలో లేకపోలేదు. కేంద్రం 2004లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్‌ను నాన్ ట్రాన్స్‌పోర్టు (కిరాయికి తిప్పని) బండ్లలో చేర్చారు, మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణమూ ఉంది. కానీ ఆ ప్రమాణం ప్రకారం అన్నీ చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోవడం తక్కువ ఖర్చుతో బతుకుదామనుకునేవాళ్ల పని కాదు.

అందుకే నేను వెల్డింగు జోలికి పోవద్దంటాను. పైకప్పు ఎత్తడం, పక్కన కిటికీ కోయడం, కంపెనీ సీట్లు పీకడం వద్దు. బోల్టులు విప్పి ఒక పూటలో బయట పెట్టగలిగే మంచం పెట్టె, స్టవ్ బల్ల, నీళ్ల డబ్బా పెట్టుకోండి. ఏదైనా శాశ్వతంగా మార్చాలంటే పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, చేయించాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా దాచిన మార్పు ప్రమాదం జరిగిన రోజు బయటపడుతుంది, క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

అపోహ: పికప్ వెనక గది దించితే అది సామానే, బాధే లేదు

ఇది అమెరికా పద్ధతి. అక్కడ పికప్ తొట్టిలో సరిపోయేలా గది విడిగా కడతారు, నాలుగు జాకీల మీద ఎత్తి కింద బండి పెట్టి దించుతారు, బండి పని పడితే గదిని మళ్లీ ఎత్తి విడిగా పెట్టేస్తారు. ఊహ బాగుంది. పాత గదుల్లో చెక్క ఫ్రేముకు అల్యూమినియం రేకు కొట్టి ఉంటుంది. మూలల్లో నీరు కారి చెక్క కుళ్లడమే వాటి జబ్బు. మన వానల్లో ఆ జబ్బు ఇంకా త్వరగా వస్తుంది.

ఒక కుర్రాడు అడిగాడు. "ఏటన్నా, సామానే కదా, మా చెల్లి వెనక పడుకునొస్తే ఏటవుద్ది?" గూడ్స్ బండి వెనక మనుషులు ప్రయాణించకూడదు తమ్ముడూ, గది అందంగా ఉన్నంత మాత్రాన ఆ రూలు మారదు. ఆగినప్పుడే వెనక, కదిలేటప్పుడు ముందు సీట్లో, బెల్టు పెట్టుకుని.

అసలు చిక్కు బరువుది. చెక్క పనివాళ్లు ఇంటి లెక్కతో 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అడుగుతారు. ఎనిమిది అడుగులకు నాలుగడుగుల షీటు ఒక్కటి 40 కిలోల దగ్గర తూగుతుంది. అదే 12 మిల్లీమీటర్లది 25 కిలోలు, 6ది పన్నెండు, పదమూడు. గది మొత్తానికి పది షీట్లనుకుంటే తేడా ఎంతో చూడండి. టాటా ఏస్ లాంటి చిన్న బండి మోసేదే ముప్పావు టన్ను. గది, ఇద్దరు మనుషులు, వంద లీటర్ల నీళ్లు అంటే వంద కిలోలు, బ్యాటరీలు, బట్టలు, స్టవ్, సిలిండరు. అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు ఇంజన్ గోల పెడితే వినిపిస్తుంది. దిగేటప్పుడు బ్రేకులు కాగిపోయేది వినిపించదు. అందుకే ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి.

గోడలకు ఇనుప యాంగిల్ మానేసి అల్యూమినియం సెక్షన్, పైన 6 మిల్లీమీటర్ల ప్లై, నేలకు మాత్రం 12. ప్లై కొనేటప్పుడు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం తీసుకోండి, ఐఎస్ 303లో ఎంఆర్ గ్రేడు (కొద్దిపాటి తేమకే తట్టుకునే రకం) మన తేమకు నిలవదు. బరువైన నీళ్లు, బ్యాటరీలు వెనక ఇరుసుకి ముందువైపు, నేల మీదే ఉండాలి. పైకప్పు మీద సామాను క్యారియరు పెట్టమని చాలామంది అడుగుతారు, నేను పెట్టను. అతుకులకు సిలికాన్ పూయొద్దు, దానిమీద రంగు పట్టదు. బ్యూటైల్ టేపు (బంకలా అంటుకునే రబ్బరు పట్టీ), పైన పాలీయురేథేన్ సీలెంట్ వేయండి.

అపోహ: కూలర్ పెట్టుకుంటే వేసవి గడిచిపోతుంది

రాజస్థాన్‌లో గడుస్తుంది. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి కాదు. విశాఖలో మే నెలలో 33 డిగ్రీలు, 75 శాతం తేమ మామూలే. ఆ గాలిని నీటితో ఎంత చల్లబరిచినా దాదాపు 29 డిగ్రీల కిందికి దిగదు. పైగా తలుపులు మూసిన డబ్బాలో ఉక్క పెరిగి, పరుపు చెమ్మగిల్లి, బూజు పడుతుంది.

ఏసీ సంగతి చూద్దాం. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రంతా ఆగుతూ నడుస్తూ ఐదారు యూనిట్లు తింటుంది. వంద ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12 వోల్టుల లెక్కన 1.2 యూనిట్లుంటాయి, బ్యాటరీ బతకాలంటే అందులో సగమే వాడాలి. అంటే పది బ్యాటరీలు, ఒక్కోటి 30 కిలోలు. మూడొందల కిలోల చల్లదనం!

మరేం చేయాలి? ఎండ రేకును తాకకుండా చూడాలి. పైకప్పుకు జానెడు ఎత్తున నర్సరీల్లో వాడే ఆకుపచ్చ నెట్టు కట్టండి. నెట్టుకీ రేకుకీ మధ్య గాలి ఆడటమే ముఖ్యం. ఇంతకంటే చవకైన పని ఇందులో మరొకటి లేదు. తెల్లటి కూల్ రూఫ్ పెయింటు బాగా పనిచేస్తుంది. బండి రంగు కూడా ఆర్సీలో రాసి ఉంటుంది కాబట్టి అడిగి వేయించండి. లోపల ఏసీ డక్టులకు చుట్టే నల్ల రబ్బరు ఫోమ్ సందు లేకుండా రేకుకి అంటించాలి. గ్లాస్ వూల్ చవకే గానీ తేమ పీల్చి రేకుకి ఆనుకుని కూర్చుంటుంది, తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. పైన గాలి లాగే 12 వోల్టుల చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను, కింద గాలి వచ్చే దారి పెట్టుకోండి. మధ్యాహ్నం సముద్రం మీంచి వీచే గాలి తెల్లవారుజాముకి కొండల వైపు నుంచి వస్తుంది. కిటికీలు రెండు పక్కలా ఉంటే రెండూ దొరుకుతాయి.

అపోహ: కిటికీలు మూసుకుని లోపల వండుకుంటే దుమ్ము రాదు

దుమ్ము రాదు, ప్రాణం పోవచ్చు. మూసిన చోట మంట ఆక్సిజన్‌ను తినేసి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి వాసన లేదు. వంటగ్యాస్ గాలికంటే బరువైనది, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. అందుకని పైన కిటికీ తెరిస్తే సరిపోదు, నేలకు ఆనుకుని బయటికి చిల్లు ఉండాలి. సిలిండరు గూడు బండి లోపలికి తెరుచుకోకూడదు. ఉండే చోటు చిన్నది కాబట్టి 14.2 కిలోల సిలిండరు అక్కర్లేదు, ఐదు కిలోలది చాలు.

ఎక్కువమందికి తెలియని ఇంకో సంగతి ఉంది. ఒక కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరై గాల్లో కలుస్తుంది. దానికి అన్నం ఉడికిన ఆవిరి, నిద్రలో ఒక్కో మనిషి వదిలే సుమారు పావు లీటరు తేమ కలపండి. పొద్దున్నే పరుపు కింద చెయ్యి పెడితే ఎందుకు తడిగా ఉంటుందో తెలుస్తుంది. మంచం చెక్కకు చిల్లులు వేయించండి, లేదా పట్టీలతో చేయించండి. వంట బయట, వెనక తలుపు నీడలో చేసుకోవడం అన్నిటికంటే మేలు. మా టిఫిన్ బండ్లన్నీ అలాగే నడుస్తున్నాయి.

అపోహ: పెద్ద సోలార్ ప్యానెల్ పెడితే కరెంటు బాధ ఉండదు

ముందు వాడకం రాసుకోండి. 20 వాట్ల డీసీ ఫ్యాను పది గంటలు, రెండు ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్లు, నాలుగు గంటలు ల్యాప్‌టాప్. ఇదంతా కలిపి అర యూనిట్ లోపే. దీనికి 200 వాట్ల ప్యానెల్, వంద ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి మామూలు ఎండలో సరిపోతాయి. ముసురు పట్టిన వారంలో రాబడి బాగా తగ్గుతుంది, అప్పుడు బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) నుంచి రిలే అనే స్విచ్ ద్వారా ఎక్కించుకోవాలి. పెద్ద లారీల కరెంటు 24 వోల్టులు, చిన్న బండ్లది 12. సామాను కొనేముందు ఏదో చూసుకోండి.

నా దగ్గరికి రిపేరుకి వచ్చే బండ్లలో ప్యానెల్ బాగానే ఉంటుంది, వైరే సన్నగా ఉంటుంది. 20 ఆంపియర్ల కరెంటు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో ఐదు మీటర్లు పోయి తిరిగి వస్తే దాదాపు 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. 230 వోల్టుల ఇంట్లో అది లెక్కలోకి రాదు, 12 వోల్టుల్లో ఫ్రిజ్ ఆగిపోతుంది. అదే దూరానికి 10 చదరపు మిల్లీమీటర్లు వేస్తే మూడో వంతు వోల్టే పోతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ప్యానెల్ కరెంటును బ్యాటరీకి సర్దే కంట్రోలరు దగ్గర పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు రేకుకి రాసుకున్నప్పుడు ఆపేవాడుండడు.

అపోహ: బండే ఇల్లు, ఇంక ఇంటి చిరునామా ఎందుకు?

ఆధార్, బ్యాంకు, ఆర్సీ, గ్యాస్ అన్నీ చిరునామా అడుగుతాయి. అమ్మానాన్నల ఇల్లో, బావగారి ఇల్లో ఉంచుకోండి. బీచ్ రోడ్డులో రాత్రి పడుకుంటే పోలీసులు లేపి పంపిస్తారు, వాళ్ల తప్పేం లేదు. తెలిసినవాళ్ల స్థలం, ఖాళీ గోడౌన్ ఆవరణ, అడిగితే ఒప్పుకునే పెట్రోల్ బంకు చూసుకుని ఎంతో కొంత ఇవ్వడమే నయం. ఆ డబ్బు అద్దె లెక్కలో రాసుకోండి. స్నానం, దొడ్డి కూడా అక్కడే కుదుర్చుకుంటే బండిలో టాయిలెట్ ఖర్చు, వాసన రెండూ తప్పుతాయి.

అపోహ: తుపాను వస్తే బండెక్కి వెళ్లిపోవచ్చు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. ఊళ్లో ఉన్నవాళ్లకు గుర్తుంటుంది, చెట్లు అడ్డంగా పడి వీధి చివరిదాకా కూడా బండి కదల్లేదు. ఎత్తుగా ఉండే డబ్బా బండి ఆ గాలికి పడిపోవడానికి కష్టం అక్కర్లేదు. వెళ్లాలనుకుంటే హెచ్చరిక వచ్చిన రోజే లోపలి జిల్లాల వైపు కదలండి. మిగిలిపోతే బండిని చెట్లకూ హోర్డింగులకూ దూరంగా, పల్లం కాని చోట పెట్టి, నెట్టు విప్పి, ప్యానెల్ బోల్టులు బిగించి, గ్యాస్ వాల్వు మూసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. మీరు మాత్రం కాంక్రీటు కప్పు ఉన్న ఇంట్లోకి వెళ్లండి.