పొద్దున వచ్చిన వచనం జోస్యం కాదు: అనుదిన ధ్యానంపై అపోహలు - వాస్తవాలు

జనవరి మొదటి వారంలో నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో వస్తాయి. "అయ్యగారూ, ముప్పై ఒకటో తేదీ రాత్రి ఆరాధనలో నాకు ఫలానా వాగ్దానం వచ్చింది. ఇల్లు కొనుక్కోమనేనా దీని అర్థం?" వాగ్దానమంటే కొత్త ఏడాదికని ఒక్కొక్కరూ తీసుకునే కార్డు మీద ఉండే బైబిలు వచనం. మిగతా నెలల్లోనూ ఇదే, కాస్త రూపం మార్చుకుని వస్తుంది: కళ్లు మూసుకుని బైబిలు తెరిచాను, వేలు పెట్టిన చోట ఈ వచనం ఉంది, అమ్మాయి సంబంధం ఖాయం చేసుకోవచ్చా? సంఘ కాపరిగా నేను చూసినంతలో కుటుంబాలకు ఎక్కువ నష్టం చేసింది ఈ అలవాటే. అందుకే దీని మీదే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: ఈ రోజు నాకు వచ్చిన వచనం నా సమస్యకు దేవుడు పంపిన జవాబు.

వాస్తవం: ఒక కార్డు తీసి రేపేం జరుగుతుందో చెప్పడం చిలక జోస్యంవారి పని. వాగ్దానపు కార్డుల మీద తరచుగా కనిపించే యిర్మీయా 29:11నే తీసుకోండి. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న ఆ మాట చాలామందికి కంఠతా వచ్చు. దాని పైన ఉన్న పదో వచనం మాత్రం ఎవరికీ గుర్తుండదు. అక్కడ డెబ్బై సంవత్సరాలని ఉంది. అది బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా యెరూషలేము నుంచి పంపిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. డెబ్బై ఏళ్లంటే, ఆ ఉత్తరం విన్న పెద్దలలో చాలామంది తిరిగి రాకుండా అక్కడే కన్నుమూస్తారన్నమాట. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని చెప్పినవాడు హనన్యా. అతడు అబద్ధ ప్రవక్త అని 28వ అధ్యాయమే చెబుతోంది. యిర్మీయా వచనాన్ని గోడకు తగిలించుకుని, దానికి హనన్యా చెప్పిన అర్థం తీసుకుంటున్నాం!

మా సంఘంలో ఒక పెద్దావిడకు చాలాకాలంగా షుగరు ఉంది. ఒక ఏడాది ఆవిడకు "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే" అన్న కార్డు వచ్చింది. ఇక సూది వేసుకుంటే వాగ్దానాన్ని నమ్మనట్లేనని ఎవరో చెప్పారు. ఆ కార్డును ఫ్రిజ్ తలుపుకు అంటించారు. లోపల ఇన్సులిన్ సీసా మూత తీయకుండా ఉండిపోయింది. కాలి బొటనవేలికి తగిలిన చిన్న దెబ్బ పుండైంది, చివరికి వేలు తీసేయవలసి వచ్చింది. ఆసుపత్రిలో నన్ను చూడగానే ఆవిడ అడిగిన మాట: "నా విశ్వాసం చాలలేదా అయ్యగారూ?"

ఆ సలహా ఇచ్చినవారి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆవిడ మీద మాత్రం లేదు. భయంలో ఉన్న మనిషి దొరికిన మాటనల్లా పట్టుకుంటుంది. ఆ రోజు మంచం పక్కన కూర్చుని యెషయా 38వ అధ్యాయం మొత్తం చదివాను. మరణకరమైన రోగంతో పడి ఉన్న యూదా రాజు హిజ్కియా గోడవైపు ముఖం తిప్పుకుని ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విని, పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అదే అధ్యాయం చివర్లో, అంజూరపు పండ్ల ముద్ద చేసి పుండుకు కట్టమని యెషయా ప్రవక్తే చెప్పాడు. వాగ్దానం, మందు ఒకే అధ్యాయంలో ఉన్నాయి. ఆవిడ అది మళ్లీ చదవమన్నారు, చదివాను.

ఒంటరి వచనం ఎంత ప్రమాదమో మత్తయి 4లో ఉంది. దేవాలయ శిఖరం మీద దేవదూతలు నిన్ను ఎత్తి పట్టుకుంటారన్న 91వ కీర్తననే సాతాను ఎత్తి చూపి, యేసును దూకమన్నాడు. "మరియొక చోట వ్రాయబడియున్నది" అని, దేవుణ్ణి శోధించకూడదన్న మాటను యేసు ద్వితీయోపదేశకాండము నుంచి జవాబుగా ఇచ్చాడు. అసలు కొత్త నిబంధనకు ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలు 1551లో ఒక ముద్రాపకుడు వేసినవి. పౌలు రాసినవి ఉత్తరాలు. ఉత్తరాన్ని ఉత్తరంగానే, మొదటి నుంచి చదవాలి. ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అన్నారో చూశాక, అందులో మిమ్మల్ని పట్టుకున్న మాటతో ప్రార్థించండి.

అపోహ: ముందే నిర్ణయించిన పఠనాలు చదవడం ఆచారమే, ఆత్మీయత లేదు.

వాస్తవం: అవి లేకపోతే మనకు నచ్చిన కీర్తనలు తప్ప వేరేవి చదవం. క్యాథలిక్కుల ఆదివారపు పఠనాలు మూడేళ్ల చక్రంలో నడుస్తాయి: ఒక ఏడాది ముఖ్యంగా మత్తయి, తర్వాత మార్కు, ఆ తర్వాత లూకా. మీ సంఘం ఏదైనా, వరుసగా చదివే పద్ధతి ఒకటి పెట్టుకోండి.

అపోహ: దుఃఖంతో ప్రార్థిస్తే అవిశ్వాసం.

వాస్తవం: 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది. అదీ లేఖనమే.

అపోహ: ఒక రోజు ధ్యానం మానితే కీడు జరుగుతుంది.

వాస్తవం: ఇది వట్టి బెదిరింపు. మానిన చోటి నుంచి మళ్లీ చదవండి.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి, గంటసేపు చేస్తేనే ప్రార్థన.

వాస్తవం: యేసు పెందలకడనే ప్రార్థించాడు, నిజమే. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించాడు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. తొలి సంఘంలో వాడిన 'దిదాఖే' అనే బోధగ్రంథం రోజుకు మూడుసార్లు ప్రభువు నేర్పిన ప్రార్థన చేయమంది, అంతే. రాత్రి డ్యూటీ చేసే నర్సులు మధ్యాహ్నం లేచాక ఒక అధ్యాయం చదివి, ఆ ప్రార్థన నిదానంగా చెప్పుకుంటే ఆ రోజు ధ్యానం పూర్తయినట్లే.